స్టేషన్ వీధి దీపాలు

ఇస్త్రీ బల్ల మీద, సగం ఇస్త్రీ అయిన తన చొక్కా మీదే, ఫోల్క్‌మార్ ఆ కేటలాగు పరిచాడు. "చిట్టెలుకా, వీటిలో ఏవి నిజం వీధిదీపాల్లా ఉన్నాయో ఒక్కసారి చూసి చెప్పవూ?" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో చిట్టెలుకా అని పిలిస్తే మురిసిపోయేదాన్ని. ఇప్పుడా పిలుపు వినగానే నా నడుము ముందుగా నొప్పెడుతుంది, ఏదో పని తగలబోతోందని. చొక్కా కాలుతుంది, ఉండు, అని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. అతనికి చొక్కా సంగతి పట్టలేదు. చొక్కాలు వాటంతటవే మడతలు పోయి బీరువాలోకి నడుచుకుంటూ వెళ్తాయని మా ఇంట్లో ఒక నమ్మకం ఉంది.

మా ఇంటి నేలమాళిగలో ఒక రైల్వే ఉంది. దాన్ని బొమ్మ రైలు అనకూడదు, నమూనా రైల్వే అనాలి. ఈ కాపురంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ గది బట్టలు ఆరేసుకోడానికి అనుకున్నాం. ఇప్పుడక్కడ పట్టాలు, సొరంగాలు, కొండలు. బట్టలు స్నానాల గదిలో ఆరుతున్నాయి, స్నానానికి వెళ్ళిన ప్రతిసారీ తడి లంగా ఒకటి మొహానికి తగులుతుంది. ఫోల్క్‌మార్ కట్టేది మా ఊళ్ళోని స్టేషన్ వీధినే, మా చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా. అసలు వీధికి ఎనభై ఏడో వంతు. క్రిస్మస్‌కి ముందు, అడ్వెంట్ నెలలో బడి వ్యాయామశాలలో అతని నమూనా రైల్వే క్లబ్బు వాళ్ళ ప్రదర్శన ఉంటుంది. ఈ ఏడు అక్కడ పెట్టాలని అతని పట్టుదల. ఇళ్ళు అయ్యాయి, స్టేషన్ అయింది. వెలిగే దీపాలు కావాలి.

అప్పటికే నన్నడక్కుండా ఒక పెట్టెడు దీపాలు తెప్పించి పాతేశాడు. చూడమని పిలిచి స్విచ్చి వేశాడు. దీపాలు మూడో అంతస్తు కిటికీల్లోకి తొంగిచూస్తున్నాయి. ఆ తెల్లటి వెలుతురుకి రొట్టెల దుకాణం, తపాలా ఆఫీసు, చర్చి గోడ అన్నీ ఆపరేషన్ గదిలా తళతళలాడుతున్నాయి. కాలిబాట మీద నిలబడ్డ వేలెడంత కూడా లేని మనుషులు నేరం చేసి దొరికిపోయినట్టున్నారు. "ఇక్కడ ఫుట్‌బాల్ ఆడిస్తావా?" అన్నాను. అంతే, మొహం గంటు పెట్టుకున్నాడు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, కాకపోతే భోజనానికి మాత్రం వేళకే వచ్చాడు. ఆ తర్వాతే ఈ కేటలాగు.

నన్నెందుకు అడిగాడో నాకు తెలుసు. నేను పళ్ళు చేస్తాను. పళ్ళ లేబొరేటరీలో తొడుగులు, కట్టుడు పళ్ళు చేయడం నా ఉద్యోగం. పొద్దుట్నించి సాయంత్రం దాకా తెలుపుని చూస్తూ కూర్చుంటాను. తెలుపు అంటే ఒకటి కాదు. సిగరెట్లు తాగేవాడి తెలుపు వేరు, పదహారేళ్ళ పిల్ల తెలుపు వేరు, పక్క పన్ను నీడ పడిన తెలుపు వేరు. నోట్లో నేను చేసిన పన్ను ఏదన్నది డాక్టరు కూడా పోల్చుకోలేక ఫోన్ చేసి మెచ్చుకుంటాడు. మా యజమాని ఆ ఫోన్ అందుకుని, "మా లేబొరేటరీకి ఆ పేరు ఊరికే రాలేదండీ" అంటాడు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "సిబిల్లె, కాఫీ ఏమైనా మిగిలిందా?" అంటాడు. ఇంత నైపుణ్యం ఉన్నదాన్ని ఇంట్లో వృథాగా పోనిస్తారా మరి.

కేటలాగు తిరగేశాను. స్టేషన్ ముందు ఖాళీ స్థలానికి పుట్టగొడుగు టోపీ ఉన్న పొట్టి స్తంభాలు చాలన్నాను. పక్క సందులో గోడకి కొట్టిన దీపాలుండాలి. వీధి మధ్యలో మాత్రం స్తంభాలు ఉండవు, ఈ ఇంటికీ ఆ ఇంటికీ తీగ లాగి మధ్యలో వేలాడదీసిన దీపాలు ఉంటాయి, గాలికి ఊగుతూ. ఇప్పటి తెల్ల బల్బులు వద్దు, లోపల తీగ కాలే పాతకాలపు గోధుమగింజంత బల్బులు కావాలి. వాటికి అవి అడిగిన కరెంటు ఇవ్వకూడదు, కాస్త తక్కువిస్తేనే వెలుతురు పచ్చబడుతుంది. పైన పలచగా టీ రంగు వార్నిష్ ఒక్క చుక్క. ఫోల్క్‌మార్ తల గోక్కున్నాడు. "తీగ మీద వేలాడేవి రెడీమేడ్‌గా దొరకవే. అవి చెయ్యడం చాలా కష్టం" అన్నాడు. "పళ్ళ కంటేనా?" అన్నాను. నోరు జారాను. అతను వెంటనే నా వేళ్ళు పట్టుకుని, "నిజమే సుమా, నీ చేతులు చిన్నవి కదా" అన్నాడు.

నా చేతులు చిన్నవి. కాబట్టి సన్నమూతి సీసా అడుగున మిగిలిన జామ్ తియ్యడం నా పని, కొళాయి వెనక పడ్డ మరమేకు తియ్యడం నా పని, అత్తగారి కాలిగోళ్ళు కత్తిరించడం నా పని. పెద్ద చేతులు ఉన్నవాళ్ళు ఏం చేస్తారో నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రాలన్నీ నేలమాళిగలో గడిచాయి. పాత్రలు తోమాక కిందకి దిగేదాన్ని. వెంట్రుకంత తీగని బల్బుకి అతికి, రేకు టోపీ కత్తిరించి, వార్నిష్ అద్ది, బల్లకి చిల్లు పొడిచి తీగ కిందకి దింపాలి. తర్వాత బల్ల కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, ఆ తీగని టంకం పెట్టి కలపాలి. కరిగిన టంకం చుక్క మెడ మీద పడితే ప్రాణం పోయినంత పనవుతుంది. ఫోల్క్‌మార్ పైన కూర్చుని టైమ్‌టేబుల్ ప్రకారం రైళ్ళు నడిపేవాడు. నా ముక్కుకి జానెడు పైన గూడ్సు బండి వెళ్ళేది, రంపపు పొట్టు కళ్ళలో రాలేది. "కాసేపు ఆపవా?" అంటే, "ప్యాసింజరు లేటవుతుంది" అనేవాడు. నవ్వులాటకి అన్నాడనుకునేరు. నిజంగానే అన్నాడు.

ఒకసారి అత్తగారు వచ్చారు. బల్ల కింద నుంచి బయటికి వచ్చిన నా రెండు కాళ్ళు చూసి, "సిబిల్లె, కింద ఉన్నది నువ్వేనా? బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టావా?" అన్నారు. పెట్టానని చెప్పాను. ఆవిడ కొడుకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "కొంతమంది మగాళ్ళు బార్‌లో పడుంటారు. ఇంకొంతమంది పరాయి ఆడవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. నా కొడుకు చూడు, ఇంటిపట్టునుండి రైళ్ళు నడుపుకుంటాడు. నీ అంత అదృష్టం ఎవరికుంటుందమ్మా" అన్నారు. నేను నోట్లో టంకం తీగ పట్టుకుని ఉన్నాను, జవాబు చెప్పే వీలు లేదు. లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలీదు.

కానీ అసలు సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆ పని నాకు నచ్చింది. నా కోపమంతా అక్కడే ఉంది. ఇస్త్రీ ఎవరు చేశారని ఎవరూ అడక్కపోయినా నాకు బాధ లేదు, అడగరని తెలిసే చేస్తాను. ఈ దీపాలు అలా కాదు. మా అమ్మ దారం మిల్లులో సాయంత్రం షిఫ్టు చేసి వచ్చేది. నేను కిటికీలో కూర్చుని చూసేదాన్ని. కరెంటు ఆదా చెయ్యడానికని మునిసిపాలిటీ వాళ్ళు పది దాటాక ఒక దీపం విడిచి ఒక దీపం ఆర్పేసేవాళ్ళు. అమ్మ స్టేషన్ దగ్గర దీపం కింద కనబడేది. తర్వాత చీకట్లో మాయమయ్యేది. నేను ఊపిరి బిగబట్టుకునేదాన్ని. మళ్ళీ రొట్టెల దుకాణం ముందు దీపం కింద తేలేది, ఒంట్లో ఓపిక లేని ఆ నడకతోనే. మళ్ళీ మాయం. వీధి మొత్తం అలా నా ప్రాణం పోతూ వస్తూ ఉండేది. ఆ చీకటి ఎంత పొడుగుండేదో నాకు గుర్తుంది. దాని ప్రకారమే దీపానికీ దీపానికీ మధ్య దూరం పెట్టాను. ఒక మీట నొక్కితే సగం దీపాలు ఆరిపోయేటట్టు వేరే తీగ కూడా వేశాను.

ఫోల్క్‌మార్‌కి ఆ చీకటి నచ్చలేదు. "ఇక్కడ బోసిగా ఉంది, ఇంకొకటి వేసెయ్. చూసినవాళ్ళు దీపాలు చాల్లేదనుకుంటారు" అన్నాడు. వెయ్యనన్నాను. "నా వీధిలో నేను చెప్పినట్టు కదా ఉండాలి" అన్నాడు. "కాలినడకన తిరగని వీధి నీదెలా అవుతుంది? మీ నాన్న కారులో తిరిగేవాడివి నువ్వు" అన్నాను. అతనికి నవ్వొచ్చింది. ఇంకో దీపం మాత్రం వెయ్యలేదు నేను.

ప్రదర్శన వారం రోజుల్లో ఉందనగా పేరు చీటీలు అచ్చయి వచ్చాయి. ప్రతి నమూనా ముందూ ఒకటి నిలబెడతారు. మా దాని మీద 'స్టేషన్ వీధి. రూపకల్పన, నిర్మాణం: ఫోల్క్‌మార్ లిండ్నర్' అని ఉంది. పళ్ళెం తుడుస్తూ అడిగాను.

"దీపాలు సిబిల్లె లిండ్నర్ అని కింద ఇంకో వరుస వేయించు."

"అయ్యో, అలా కుదరదే. క్లబ్బు సభ్యుల పేర్లే వెయ్యాలి. అది నియమం."

"అయితే నన్ను సభ్యురాలిగా చేర్చుకోండి."

"మీటింగుల్లో కూర్చున్నావంటే గంటలో నిద్రపోతావు. ఇంజన్ల మీది రివెట్ల గురించి మాట్లాడుకుంటాం అక్కడ. ఆడవాళ్ళెవరూ లేరు కూడాను, ఒక్కదానివీ ఏం చేస్తావు?" పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని తుడిచినట్టు చేసి మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. "అయినా మనిద్దరిలో నీది, నాది ఏమిటి చిట్టెలుకా? అంతా మనది కాదూ?"

మనది అన్నదల్లా అతని పేరు మీద ఉంటుంది. నాది అన్నదల్లా ఇస్త్రీ బుట్టలో ఉంటుంది. ఒక్క వరుస అడిగాను, అక్షరాలు ఎంత చిన్నవైనా సరే. ఆ ఒక్క వరుస కోసం ఎంత సిగ్గు విడిచి అడిగానో అతనికి తెలియదు. తెలిసినా ఇచ్చేవాడు కాదనిపించి ఇంకా ఒళ్ళు మండింది.

ప్రదర్శన రోజు నా స్థానం ఎక్కడో చెప్పనక్కర్లేదు. వ్యాయామశాల గుమ్మం దగ్గర కేకుల బల్ల. క్లబ్బు మగవాళ్ళ భార్యలందరం కాఫీ పోయాలి, కేకు కొయ్యాలి, చిల్లర ఇవ్వాలి. నేను గసగసాల కేకు, ఆపిల్ కేకు తెచ్చాను. అధ్యక్షుడు లోథార్ గారి భార్య కరోలా మాకు నాయకురాలు. కాఫీ కెటిల్ అందుకుంటుంటే ఆమె గోళ్ళ అంచున నమూనా రైలు పెట్టెలకి వేసే రంగు కనిపించింది, ఆ ముదురు ఎరుపు నాకు బాగా తెలుసు. నా చూపు ఎక్కడుందో చూసి చెయ్యి ఏప్రన్‌లోకి దాచుకుంది. "మా ఆయనకి చెయ్యి వణుకుతుంది ఈ మధ్య. పెట్టెల మీద అంకెలు నేనే రాస్తాను. ఎవరితోనూ అనకే" అంది మెల్లగా. అననని తలూపాను. ఇద్దరం కేకు ముక్కలు కోస్తూ ఉండిపోయాం.

మధ్యాహ్నం లోథార్ మైకు పట్టుకుని, "ఇప్పుడు స్టేషన్ వీధిలో రాత్రి అవుతుంది" అని చెప్పాడు. కిటికీలకి తెరలు లాగి హాల్లో దీపాలు తీసేశారు. నేను చేతులు తుడుచుకుంటూ గుంపు వెనక నిలబడ్డాను. ముందు అన్నీ వెలిగాయి. తర్వాత సగం ఆరిపోయాయి. నీలం కోటు వేసుకున్న ఒక ముసలావిడ బల్ల అంచు పట్టుకుని వంగి చూస్తూ, "ఇలాగే ఉండేది. అచ్చం ఇలాగే" అంది. "మిల్లు నుంచి వస్తూ ఇక్కడ ఈ చీకట్లోకి వచ్చేసరికి తాళంచెవులు తీసి గుప్పిట్లో పట్టుకునేవాళ్ళం. ఇది ఎవరికి గుర్తుంది బాబూ?" అని అడిగింది. నాకు అని చెప్పబోయాను. నోరు తెరిచేలోగా ఫోల్క్‌మార్ అందుకున్నాడు. "దీని మీద చాలా పరిశోధన చేశానండీ" అన్నాడు.

పక్కన నమూనా రైళ్ళ పత్రిక నుంచి వచ్చినాయన కెమెరా మెళ్ళో వేసుకుని నిలబడ్డాడు. "ఇంత సన్నటి పని ఒక్కరే చేశారా?" అన్నాడు. ఫోల్క్‌మార్ గుంపులో నన్ను వెతికి పట్టుకుని, ప్రేమగానే నవ్వాడు. "మా ఆవిడ కూడా సాయం చేసింది లెండి. నేను పని చేస్తుంటే టార్చి పట్టుకుంది." అందరూ నవ్వారు. లోథార్ మైకులో, "మన ఇంటి ఆడవాళ్ళకి ఒకసారి చప్పట్లు కొట్టాలి మరి. కేకులు కూడా వాళ్ళవే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా మెడ మీద టంకం కాల్చిన చోట్లన్నీ మళ్ళీ చురుక్కుమన్నాయి. అబద్ధం ఆడుతున్నానని కూడా అతనికి తెలియదు, అదే నన్ను ఎక్కువ మండించింది. అలా చెప్పి చెప్పి అతనికది నిజమైపోయింది.

పత్రికాయన ఫోటోకి వెలుతురు చాలడం లేదన్నాడు. "దానికేముంది" అని ఫోల్క్‌మార్ కరెంటు పెంచే గుండీ పూర్తిగా తిప్పేశాడు. టప్పున చిన్న చప్పుడు. స్టేషన్ వీధి మొత్తం ఆరిపోయింది. రైళ్ళు మాత్రం దీపాలు వేసుకుని ఆ చీకటి ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాయి. ఫోల్క్‌మార్ గుండీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బల్లని చేత్తో తట్టాడు. తర్వాత గుంపుని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి చెవిలో గొణిగాడు. "త్వరగా కిందకి దూరి ఏమైందో చూడు. పత్రిక వాడు చూస్తున్నాడు. నీ చెవిపోగు పడిపోయిందని చెప్తాను." నేను ఏమీ అనకముందే వెనక్కి తిరిగి, "ఒక్క నిమిషం ఆగండి. మా ఆవిడ చెవిపోగు కింద పడిపోయిందట, వెతుక్కుంటుంది. ఈలోగా దీపాలు సర్దేస్తాను" అని అందరికీ వినబడేలా చెప్పేశాడు.

మంచి లంగా వేసుకుని ఉన్నాను. ఊరందరి ముందూ చేతులూ మోకాళ్ళూ నేలకానించి బల్ల కిందకి వెళ్ళాను. ఏమైందో నాకు చూడకుండానే తెలుసు. ఫ్యూజు పోయింది. బల్బులు కాలిపోకుండా దాన్ని అక్కడ పెట్టింది నేనే, ఏదో ఒక రోజు అతని చెయ్యి ఊరుకోదని తెలిసి. అదనపు ఫ్యూజులు పక్కనే టేపుతో అంటించి ఉంచాను. అక్కడ ఫ్యూజు ఉన్న సంగతే ఫోల్క్‌మార్‌కి తెలియదు. బల్ల చుట్టూ బూట్లు, చెప్పులు, ఒక కర్ర కొన కనబడుతున్నాయి. అతను పత్రికాయనకి ఏదో ఇంజను గురించి చెబుతున్నాడు. పొగగొట్టం అంచు చూసి అది ఏ ఏడు తయారైందో చెప్పేస్తాడు నా మొగుడు. అక్కడ వెల్లకిలా పడుకుని, పాత ఫ్యూజు పీకుతూ, ఎందుకో నా చెవి తడుముకున్నాను.

వదిలేసి వచ్చెయ్యొచ్చు అనిపించింది. చీకట్లో నిలబెట్టొచ్చు అతన్ని. నాలుగు బూతులు కూడా మనసులో తిట్టుకున్నాను, మిల్లు ఆడవాళ్ళు తిట్టేవి. కానీ ఆ వీధి నాది. నా కంటికి మా అమ్మ ఇంకా ఆ స్టేషన్ దగ్గరే ఉంది. ఎవడి మీదో కోపానికి నా వీధిని నేనెందుకు ఆర్పుకోవాలి? కొత్త ఫ్యూజు పెట్టాను. పైన "ఆఁ" అన్న సందడి, తర్వాత చప్పట్లు వినిపించాయి. చప్పట్లకి ఫోల్క్‌మార్ థాంక్స్ చెబుతున్నాడు.

బయటికి వచ్చాను. జుట్టులో దుమ్ము. నీలం కోటు ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని లేపింది. "దొరికిందా తల్లీ, నీ చెవిపోగు?" అంది.

ఫోల్క్‌మార్ కనుబొమలు ఎగరేసి నాకు సైగ చేశాడు, దొరికిందని చెప్పమని. అటు కరోలా కెటిల్ పట్టుకుని, ఎక్కడున్నావని చెయ్యి ఊపుతోంది. నేను కేకుల బల్ల వైపు వెళ్ళలేదు. నమూనా చేసినవాళ్ళు నిలబడే చోట, పేరు చీటీ పక్కన నిలబడ్డాను.

"చెవిపోగు పడలేదండీ. కింద ఫ్యూజు పోతే మార్చి వచ్చాను. ఈ వీధిలో దీపాలన్నీ నేను చేసినవే, మీరు తాళంచెవులు పట్టుకున్న ఆ చీకటి కూడా నేను పెట్టిందే. మా అమ్మ కూడా మీ మిల్లే" అన్నాను. పత్రికాయన పెన్ను తీశాడు. "నేను అసలు చెవిపోగులు పెట్టుకోను. నా చెవులు కుట్టించుకోలేదు. ఎప్పుడూ కుట్టించుకోలేదు."

లోథార్ మైకు కిందకి దించాడు. ఫోల్క్‌మార్ నవ్వబోయి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి, తల కాస్త వంచి నా ఎడమ చెవి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగి అటు పక్కకి వచ్చి, కుడి చెవి కూడా చూశాడు.